కొయ్యని మూల

గూడూరు దాటాక కాలవ పక్కన ఉన్న చేను. వరికోత మిషను అంతా కోసేసింది, కాలవ వైపు మూల తప్ప. ఆ మూల గట్టు మీద ధనమ్మ, చేనుకి వీపు పెట్టి కూర్చుంది. కొడుకు శ్యాంబాబు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“లెమ్మంటే లేవవేంటమ్మా? తోమాసు మిషను ఇంజను కూడా ఆపలేదు. డీజిలు కాలిపోతుంది.”

“కాలనీ. నేను లేవను.”

“ఎందుకు లేవవు?”

“చెప్పాగా. మూల కొయ్యకూడదు.”

“ఎవరన్నారు?”

“దేవుడన్నాడు.”

“నీకు ఫోన్ చేశాడా?”

“వెటకారమా? మోషేకి చెప్పాడు. పంట కోసుకునేటప్పుడు ఓర దాకా కొయ్యబాకండి, మూలలు వదిలెయ్యండి, కిందపడ్డ గింజ ఏరుకోబాకండి, అది బీదోళ్ళకీ పరదేశులకీ అన్నాడు. పోయినేడు నా కళ్ళకి ఆపరేషన్ అయినప్పుడు నువ్వేగా చదివి వినిపించావు.”

“చదివాను. ఆ పక్కనే ఇంకేం రాసుందో కూడా చదివాను. రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట కట్టకూడదని ఉంది. నువ్విప్పుడు కట్టిందేంటి? పాలిస్టరు కలిసిన చీర. దానికేమంటావు?”

“నీ పెళ్ళాం కొన్న చీర. దేవుడికి జెనిఫరే జవాబు చెప్పుకుంటది.”

“ఒకే పొలంలో రెండు రకాల విత్తనాలు వెయ్యకూడదని ఉంది. గట్టు మీద కందులు ఎవరు వేశారు?”

“గట్టు పొలం కాదు.”

“నువ్వు లాయరువి కావాల్సింది. అమ్మా, విను. అవన్నీ యూదులకి చెప్పిన మాటలు. ఎప్పటి మాటలు! మనం కృప కింద ఉన్నాం. క్రీస్తు వచ్చాక ధర్మశాస్త్రం తీరిపోయింది.”

“తీరిపోయిందా?”

“తీరిపోయింది.”

“కాస్త గట్టిగా చెప్పు.”

“వినపడిందిగా నీకు.”

“చెవులు మందగించాయిరా. గట్టిగా చెప్పు.”

“తీరిపోయిందమ్మా! చాలా? అవునూ, నీకు చెవుడైతే నువ్వెందుకు అంత గట్టిగా మాట్లాడుతున్నావు? నేను పక్కనేగా ఉన్నాను.”

“చెవుడొచ్చినోళ్ళు గట్టిగానే మాట్లాడతారు.”

“పొద్దున ఇంట్లో లేదే ఈ చెవుడు.”

“మిషను చప్పుడుకొచ్చింది. ఒరేయ్, నాకు ఆయాసంగా ఉంది. గూడూరు పోయి మాత్రలు పట్రా. పోయిరా నాయనా.”

“మాత్రలు నీ సంచిలోనే ఉన్నాయి. నేనే పెట్టాను.”

“అయితే టీ తాగిరా. పొద్దుటినించి ఏమీ తాగలేదు.”

“నన్నెందుకు పంపించేస్తున్నావు? నేను వెళ్ళేలోపు తోమాసు మిషను రోడ్డెక్కించేస్తాడు. వాడికి ఇంకా రెండు చోట్ల కోత ఉంది. అటు సముద్రం వైపు చూడు, మబ్బు ఎలా కమ్ముకొస్తుందో. తుఫానంటున్నారు. నిన్న రావాల్సిన మిషను ఇవాళొచ్చింది, ఇవాళ కూడా నువ్వు...”

“అదే. నిన్న వచ్చుంటే ఏ గొడవా లేకపోను.”

“ఏ గొడవ?”

“ఏం లేదు. మబ్బు గొడవ.”

“లే అమ్మా. ఒక్కసారి ముందుకొచ్చి వెనక్కి వెళ్తే అయిపోతుంది వాడికి. అంత చిన్న మూల. ఏయ్ తోమాసూ! మెల్లగా ఇటు రానీ! ఆమె లేస్తుందిలే, నువ్వు రానీ!”

“ఆపమను! ఒరేయ్, ఆపమనరా! తోమాసూ, వచ్చావంటే చూడు! నా మాట వినపడతందా నీకు? ఆపు!”

“ఆపాడు, ఆపాడు. ఎందుకమ్మా ఆ కేకలు? నువ్వు గట్టు మీద ఉన్నావు. నీ మీదికి రాదుగా మిషను.”

“రాదు. నా మీదికి రాదు.”

“చెమటలు పట్టాయేంటి? నీళ్ళు తాగు. బాటిలేది?”

“అయిపోయినై.”

“రెండు బాటిళ్ళు తెచ్చావు కదా.”

“రెండూ అయిపోయినై.”

“ఎప్పుడు తాగావు? ఈ క్యారేజీ ఏంటి, ఇంత బరువుంది? నువ్వు రెండు ముద్దలు తింటే గొప్ప. ఇది ఇద్దరికి సరిపోతుంది.”

“నీక్కూడా తెచ్చా.”

“నేను కాలేజీకి సెలవు పెడతానని నీకెలా తెలుసు? పాఠం చెప్పడానికి గుడ్లవల్లేరు వెళ్ళేవాణ్ణి సగం దారిలో వెనక్కి తిరిగొచ్చాను, నువ్వు మిషనుకి అడ్డం కూర్చున్నావని తోమాసు ఫోన్ చేస్తే.”

“తల్లికి తెలుస్తదిలే.”

“ఈ చెప్పులెవరివి?”

“ఏ చెప్పులు?”

“గట్టు కింద. నీలం చెప్పులు.”

“నావే.”

“నీవి నీ కాళ్ళకున్నాయి.”

“కూలోళ్ళెవరో వదిలేసి పోయుంటారు. నీకు చెప్పుల గోలెందుకు? మూల సంగతి తేల్చు.”

“తేల్చాను. కొయ్యాలి. అమ్మా, చూడు, అక్కడ చేను కదిలింది.”

“ఎక్కడ?”

“నీ వెనకాల.”

“గాలికి.”

“గాలికి అంతా కదలాలి. ఒక్క చోటే కదిలింది.”

“పందికొక్కు. మిషను చుట్టూ కోసుకొస్తంటే అవి ఎటు పోతాయి? మిగిలిన కాస్త చేలోకే చేరతాయి పాపం.”

“ఉండు, ఆ కర్ర ఇలా ఇవ్వు.”

“వద్దు! కొట్టబాక. కడుపుతో ఉన్నదాన్ని కొడతారా ఎవరన్నా?”

“పందికొక్కు కడుపుతో ఉందని నీకెలా తెలిసింది?”

“కోతల కాలంలో అన్నీ కడుపుతోనే ఉంటై. కర్ర అవతల పారెయ్యి.”

“నీకేదో అయిందమ్మా ఇవాళ. సరే, కృపానందం అయ్యగారికి ఫోన్ చేస్తాను. పాస్టరు గారు చెబితే వింటావా?”

“చెయ్యి. స్పీకరులో పెట్టు. సౌండు పెంచు.”

“హలో అయ్యగారూ, వందనాలండీ. శ్యాంబాబుని.”

“వందనాలు శ్యాంబాబు గారూ. కోత అయిందా? తుఫానంటున్నారు.”

“అయిందండీ, ఒక్క మూల తప్ప. అక్కడ అమ్మ అడ్డం కూర్చుంది. మోషే ధర్మశాస్త్రం ప్రకారం మూల కొయ్యకూడదట. మీరొక్క మాట చెప్పండి, లేస్తుంది.”

“హహ్హ, ఎంత మంచి మనసమ్మా మీది! ధనమ్మ గారూ, వందనాలు.”

“వందనాలు అయ్యగారూ. కొయ్యొచ్చా, కొయ్యకూడదా?”

“చూడండమ్మా. ధర్మశాస్త్రంలో నైతిక విధులు వేరు, ఆచార విధులు వేరు. బలులు, పండగలు, తిండి నియమాలు, ఇవి ఆచారాలు. ఇవన్నీ క్రీస్తులో నెరవేరిపోయాయి. దొంగతనం చెయ్యొద్దు, నరహత్య చెయ్యొద్దు, ఇవి నైతికం. ఇవి ఎప్పటికీ ఉంటాయి.”

“రొయ్యలు?”

“రొయ్యలేంటమ్మా?”

“పొలుసు లేనివి తినొద్దన్నాడుగా మోషే. తినొచ్చా?”

“నిక్షేపంగా తినొచ్చు. క్రిస్మస్‌కి మీ ఇంట్లోనే తిన్నాం కదా.”

“తిన్నారు. మళ్ళీ వేయించుకున్నారు కూడా. మరి మీకు కట్టే దశమభాగం, పదో వంతు?”

“అది... అది ధర్మశాస్త్రం రాకముందే అబ్రాహాము ఇచ్చాడమ్మా. కాబట్టి అది నిలిచే ఉంది.”

“సున్నతి కూడా అబ్రాహామే మొదలెట్టాడుగా, ధర్మశాస్త్రం రాకముందే?”

“అమ్మా! అయ్యగారితో ఏం మాటలవి!”

“ఉన్నమాటేగా. సరేలెండి. మూల వదలటం ఏ లెక్కలోకి వస్తది? ఆచారమా, నైతికమా?”

“అది... అది ఇశ్రాయేలు దేశపు వ్యవసాయ చట్టమమ్మా. అప్పుడు బీదవాళ్ళకి రేషను కార్డులు లేవు కదా.”

“అంటే గూడూరు దాకా రాదు.”

“రాదనే అనుకోవచ్చు.”

“అన్యులకి పిల్లనివ్వొద్దన్న మాట గూడూరు దాకా వచ్చిందిగా? అదీ మోషే చెప్పిందేగా?”

“హలో? హలో?”

“అయ్యగారూ? ఉన్నారా?”

“ఉన్నానమ్మా. సిగ్నలు... అది వేరమ్మా.”

“ఎట్టా వేరు?”

“అది విశ్వాసానికి సంబంధించింది. మన సంఘం సాక్ష్యానికి, అంటే నలుగురిలో మంచి పేరుకి సంబంధించింది. అది వేరు.”

“ఇంకొక్కటి అడుగుతా. పరదేశులు, విధవరాళ్ళు, తల్లీతండ్రీ లేనివాళ్ళు చేలో రాలిన పరిగె ఏరుకోవచ్చన్నాడు. తల్లి బతికుండి కూడా లేనట్టున్న పిల్ల ఏ లెక్కలోకి వస్తదండీ?”

“ధనమ్మ గారూ, మనం ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందాం. కళ్ళు మూసుకోండి. మహోన్నతుడవైన తండ్రీ, ఈ ఉదయకాలమున నీ కుమార్తె ధనమ్మ గారిని...”

“అయ్యగారూ, అయ్యగారూ, మిషను ఆగి ఉందండీ. మళ్ళీ చేస్తాను. వందనాలు.”

“పెట్టేశావేం? బాగానే చేస్తన్నాడుగా.”

“పరువు తీశావు.”

“నేనేమన్నా? అడిగా. ఏది తీరిపోయిందో ఏది మిగిలిందో నాకు ఎవరన్నా చెప్పొద్దా? నీకు అక్కర్లేనివి తీరిపోయినై, కావలసినవి మిగిలినై. మిషనులో గడ్డి ఒక పక్కా వడ్లు ఒక పక్కా పడ్డట్టు పడతన్నై మీకు.”

“నువ్వు మూల గురించి మాట్లాడటంలేదు.”

“మూల గురించే మాట్లాడతన్నా.”

“కాదు. ప్రేమ గురించి మాట్లాడుతున్నావు.”

“హమ్మయ్య. మూడేళ్ళకి చెల్లెలి పేరు నీ నోట వచ్చింది.”

“రప్పించావు. ఇక ఆపు. నా వరకు అది చచ్చిపోయింది.”

“ఒరేయ్! అట్టా అనబాక. వినపడుద్ది.”

“ఎవరికి?”

“...దేవుడికి.”

“వినపడనీ. నేను సంఘానికి సెక్రటరీని. నా చెల్లెలు రిజిస్ట్రారాఫీసులో దండలు మార్చుకుని, సముద్రం మీద వేటకెళ్ళేవాణ్ణి, విగ్రహాలకి మొక్కేవాణ్ణి కట్టుకుని గిలకలదిండి పోయింది. ఊళ్ళో నేను తలెత్తుకోవద్దా?”

“అల్లుడు అయ్యప్ప మంచోడురా.”

“నీకెలా తెలుసు?”

“తెలుసులే. ఆ రోజు సంఘంలో మైకు పట్టుకుని చదివావే, అన్యులతో వియ్యమందకూడదని. ఎంత బాగా చదివావు! గొంతు కూడా వణకలా. తర్వాత నా చెయ్యి పట్టుకుని లేపావు. ‘అమ్మా, నువ్వూ చెప్పు’ అన్నావు. నేను బైబులు మీద చెయ్యేసి చెప్పా. ఈ చేత్తో దానికి అన్నం పెట్టను, నా గుమ్మం ఎక్కనివ్వను అని. అందరూ ఆమేన్ అన్నారు.”

“పెద్దలు అడిగారు. చెప్పకపోతే మననే సంఘంలోంచి తీసేసేవాళ్ళు.”

“తీసేస్తే తీసేసేవాళ్ళు.”

“ఇప్పుడంటున్నావు. అప్పుడు నువ్వూ తలూపావు.”

“ఊపా. నాకూ పరువుంది అనుకున్నా. ఒరేయ్, ఆదివారం బళ్ళో పిల్లలకి కథ చెప్తావే, అత్తని వదలకుండా వచ్చిన కోడలు చేలో పరిగె ఏరుకుంటే ఆ చేను ఆసామి పెళ్ళి చేసుకున్నాడని. ఆ పిల్లది ఏ దేశం?”

“అమ్మా...”

“చెప్పు. ఏ దేశం?”

“పరదేశమే. అన్యుల పిల్లే.”

“దాని కడుపునేగా రాజులు పుట్టింది?”

“అది వేరు.”

“అదిగో. అన్నీ వేరే నీకు.”

“తోమాసూ! నువ్వు వెళ్ళిపో! మిషను రోడ్డెక్కించుకో! ఈ మూల నేను చూసుకుంటా! వెళ్ళు!”

“పంపించేశావా? మంచిపని చేశావు. మనం కూడా పోదాం పద. నువ్వు ముందు పో, నేనొస్తా.”

“వెళ్ళటంలేదు. నేనే కోస్తాను. కొడవలి ఎక్కడుంది?”

“నువ్వు కోస్తావా! చాక్‌పీసు పట్టుకునే చేత్తో?”

“చిన్నప్పుడు కోశానుగా. సంచిలో కొడవలి ఉండాలి.”

“నా కింద ఉంది.”

“కొడవలి మీద కూర్చున్నావా!”

“గోనె చుట్టిందిలే. నేను లేస్తేగా నీకు దొరికేది.”

“అమ్మా, ఎత్తుకుని పక్కన పెట్టేస్తాను నిన్ను.”

“పెట్టు చూద్దాం. దేనికిరా నీకీ మూల? బస్తా గింజలు కూడా రావు. ఎంత ఆస్తి కొట్టుకుపోతందని? నిన్ను చదివించింది పరిగె గింజలే. వెంకట్రామయ్య గారి కోతలయ్యాక ఇదే చేలో వంగి ఏరేదాన్ని...”

“ఆ కథ మళ్ళీ వద్దు.”

“ఎందుకొద్దు? ఇదే గట్టు మీద నిలబడేవాడు ఆయన. చేతులు వెనక్కి కట్టుకుని. మేం ఏరుతుంటే చూసేవాడు. పొద్దుగూకాక మూట విప్పించి సగం చేటలో పోయించుకునేవాడు. ఆయన చేను ఇప్పుడు నువ్వు కొన్నావు. ఆయన బైబులు చదవలేదురా. నువ్వు చదివావు.”

“నేను ఆయనలా చెయ్యటంలేదు.”

“మరేం చేస్తన్నావు?”

“గింజల కోసం కాదమ్మా.”

“మరి దేనికి?”

“వదిలితే ఎవరో ఒకళ్ళు వస్తారు.”

“రానీ.”

“వద్దు. రాకూడదు.”

“ఎవరొస్తారని?”

“ఎవరో.”

“ఎవరని అడుగుతున్నా.”

“పోయినేడు వచ్చారు.”

“...చూశావా?”

“చూశాను.”

“నాతో చెప్పలేదే?”

“నువ్వు చెప్పావా నాతో?”

“ఎప్పుడు చూశావు?”

“కాలేజీ నించి వస్తా బండి ఇటు తిప్పాను. మునిమాపు వేళ. ఈ మూల మిషను తిరగలేక వదిలేసింది కదా పోయినేడు. ఎవరో వంగి ఏరుతున్నారు. ఎవరోలే అనుకున్నాను. కొంగు దులుపుకుని, నడుం మీద చెయ్యేసుకుని లేచింది. నువ్వు లేస్తావే, అచ్చం అలాగే. అప్పుడు తెలిసింది.”

“పిలవలేదా?”

“పిలిచి ఏమనను? ఏమనాలి? నా చెల్లెలు నా చేలో పరిగె ఏరుకుంటుంది. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. వెంకట్రామయ్య నిలబడ్డ గట్టు మీద. చేతులు చూసుకున్నాను. వెనక్కే ఉన్నాయి.”

“శ్యాం...”

“బండి స్టార్ట్ చేస్తే వింటుందని రోడ్డు దాకా తోసుకుంటా వెళ్ళాను.”

“ఆ రోజేనా కడుపులో మంటని అన్నం తినంది?”

“ఆ రోజే.”

“నేను వాము నీళ్ళు తాగించా కూడా.”

“తాగించావు. అందుకే ఈసారి ఒక్క గింజ మిగలకూడదనుకున్నాను. గింజ లేకపోతే అది రాదు. అది రాకపోతే నేను చూడక్కర్లేదు. ఇప్పుడు తెలిసిందా దేనికో? లే ఇక.”

“పిచ్చి నా కొడకా. ఆకలేసి వచ్చిందనుకున్నావా?”

“మరి?”

“వాళ్ళకి రేషను బియ్యం వస్తన్నై. అయ్యప్ప వేటకి పోతన్నాడు. పస్తులేం లేరు. అది నన్ను చూడ్డానికొచ్చింది, నేనింటికి పోయాక చూసుంటావు నువ్వు. ఇంటికి రాకూడదుగా. చేలో పరిగె ఏరుకునేవాళ్ళతో మాట్లాడనని నేనేం ప్రమాణం చెయ్యలా. క్యారేజీ గట్టు మీద పెట్టా, అదే తీసుకుని తింది. కళ్ళాపరేషనప్పుడు మోషే పుస్తకాలన్నీ నీచేత ఎందుకు చదివించాననుకున్నావు? దారి కోసం వెతికా. నా మాట తప్పకుండా నా పిల్లని చూసుకునే దారి ఎక్కడన్నా ఉందేమోనని. బలులన్నీ విన్నా, కుష్ఠురోగాలన్నీ విన్నా. నువ్వు ఆవలిస్తా చదువుతుంటే ఈ మాట వచ్చింది. మూల వదిలెయ్యి. చేత్తో ఇవ్వక్కర్లేదు, వాళ్ళే వచ్చి ఏరుకుంటారు. నాకు ఏడుపొచ్చింది. కంట్లో మందు మండిందనుకున్నావు నువ్వు.”

“అంటే ప్రతి కోతకీ వస్తుందా?”

“ఈ కోతకి వేరే పనుంది.”

“ఏం పని?”

“చలిమిడి.”

“చలిమిడా?”

“అయిదో నెలరా దానికి.”

“ప్రేమకా?”

“ఇంకెవరికి? కడుపుతో ఉన్న కూతురికి తల్లి చలిమిడి చేసి ఒళ్ళో పెట్టాలి. నేను పెట్టకూడదు. ఈ చెయ్యి పెట్టకూడదు. దాని అత్త పెడతానంది, మంచిది ఆమె. ఇది వద్దంది. పుట్టింటి గింజ కావాలంట. గింజ అది ఏరుకుంటే, దంచుకుంటే, బెల్లం పాకం పట్టుకుంటే నా ప్రమాణానికి అడ్డమేం లేదు. వెతికి వెతికి నేను కనుక్కున్న దారి అదొక్కటే. దాన్ని కోసేస్తానంటన్నావు నువ్వు.”

“నాకు చెప్పొచ్చుగా.”

“ఎట్టా చెప్పను? చచ్చిపోయిందంటావుగా. ఇప్పుడు చెప్పు. మోషే మాట ఉందా? ఉంటే మూల వదులు. పోయిందా? పోతే ఆ రోజు నువ్వు మైకులో చదివిందీ పోయింది, నేను బైబులు మీద చెయ్యేసిందీ పోయింది. ఒకటి ఉంచి ఒకటి కొయ్యబాక. నేను పెద్దదాన్నయ్యా. ఇట్టా గట్ల మీద కూర్చుని కూతురితో మాట్లాడే ఓపిక నాకింక లేదు.”

“ఏడవకు.”

“ఏడవటంలా.”

“అమ్మా, కళ్ళు తుడుచుకో. రోడ్డు మీద తోమాసు చూస్తున్నాడు.”

“చూడనీ.”

“పరిగె గింజలతో చలిమిడేంటి. మట్టీ బెడ్డలూ...”

“చేటలో చెరుగుకుంటది.”

“వద్దు. లారీకెత్తిన వడ్లలోంచి ఒక బస్తా దింపిస్తాను. గూడూరు మిల్లులో పట్టించి...”

“పట్టించి ఎవరిస్తారు? నేనివ్వకూడదు.”

“నేనిస్తాను.”

“నువ్వు పోతావా గిలకలదిండి?”

“వెళ్తాను. ఎందుకు వెళ్ళను? కాదు... ఉండు. చలిమిడి పుట్టింట్లో పెట్టాలి కదా.”

“పుట్టింట్లోనే.”

“పీట మీద కూర్చోబెట్టి.”

“తూర్పు ముఖంగా.”

“అయితే దాన్నే రమ్మందాం.”

“నా ప్రమాణం?”

“చేయించింది నేను. తీసేస్తున్నాను.”

“పెద్దలు?”

“ఆదివారం నేనే లేచి చెప్తాను. అదే మైకులో. తీసేస్తే తీసేయనీ. ఇంకొకళ్ళని పెట్టుకుంటారు సెక్రటరీగా.”

“జెనిఫర్?”

“అది మూడేళ్ళ నించి ప్రేమని పిలవమని నా చెవిలో పోరుతూనే ఉంది.”

“ఏమని చెప్తావు సంఘంలో?”

“ధర్మశాస్త్రం తీరిపోయిందని.”

“కొంచెమా, మొత్తమా?”

“మొత్తం.”

“రేపు మళ్ళీ అది వేరు అనవుగా?”

“అననమ్మా.”

“సరే. మూల మాత్రం కొయ్యబాక.”

“అదేంటి? మొత్తం తీరిపోయిందన్నాంగా!”

“అది వేరు.”

“నవ్వించకు. ఇంక లే. ఫోన్ చేసి దాంతో నువ్వే చెప్పు. నాకు... నాకు మాట రాదు దాంతో.”

“ఫోనెందుకురా? ఇక్కణ్ణించే చెప్పు.”

“ఇక్కణ్ణించి గిలకలదిండికి వినపడుతుందా?”

“చెప్పు. గట్టిగా చెప్పు.”

“మళ్ళీనా? ఎవరు వినాలమ్మా?”

“నేను వినాలి. చెవుడు నాకు. గట్టిగా చెప్పరా.”

“తీరిపోయింది! మొత్తం తీరిపోయింది! ప్రేమ ఇంటికి రావచ్చు! ఇవాళే రావచ్చు! చాలా?”

“చాలు నాయనా.”

“మరి లే. చెయ్యి ఇవ్వు. అదిగో, అదిగో మళ్ళీ కదిలింది చేను. ఆ కర్రేది? పందికొక్కు కాదమ్మా అది, ఇంకేదో పెద్దది...”

“అన్నయ్యా, ఇంక లేవనా? కాళ్ళు తిమ్మిరెక్కినై.”